రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నా సేవలు ఎందుకు ఆగిపోతాయి?

2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ కుప్పకూలింది. అప్‌డేట్ సమయంలో జరిగిన కాన్ఫిగరేషన్ తప్పే కారణం. కోటీ 20 లక్షల మందికి పైగా వినియోగదారులకు మొబైల్, ఇంటర్నెట్ సేవలు నిలిచిపోయాయి. అత్యవసర నంబర్ 911కు చాలామంది కాల్ చేయలేకపోయారు. రోజర్స్ కస్టమర్లు కానివాళ్లకూ తిప్పలు తప్పలేదు. డెబిట్ చెల్లింపులు నడిపే ఇంటరాక్ సంస్థ ఆ నెట్‌వర్క్‌పైనే ఆధారపడటంతో దుకాణాల్లో కార్డులు పనిచేయలేదు. మరో ప్రొవైడర్‌ను చేర్చుకుంటామని ఇంటరాక్ ఆ తర్వాత ప్రకటించింది.

రెండో కనెక్షన్ ఉంటే సరిపోదా?

ఇంట్లో నెట్ వాడుకోవడానికైతే సరిపోతుంది. ఒకటి పోతే రెండోదానికి మారొచ్చు. కానీ ఆస్పత్రి, బ్యాంకు, ప్రభుత్వ పోర్టల్ సర్వర్లను బయటివాళ్లు చేరుకోగలగాలి. చిక్కంతా ఇక్కడే. సర్వర్ ఐపీ చిరునామా ప్రొవైడర్ ఇచ్చిందైతే, ఆ ప్రొవైడర్ పడిపోయినప్పుడు ఆ చిరునామాకు దారి కూడా మూసుకుపోతుంది. ఆఫీసులో రెండో లైన్ పనిచేస్తున్నా బయటివాళ్లకు అది ఉపయోగపడదు.

మరి ఏం చేయాలి?

సంస్థ సొంతంగా ఐపీ చిరునామాలు, ఏఎస్ నంబర్ తీసుకోవాలి. మన దేశంలో నిక్సీ ఆధ్వర్యంలోని ఐఆర్‌ఐఎన్‌ఎన్ వీటిని కేటాయిస్తుంది. ఆ చిరునామాలకు దారి ఇటు ఉందని ఇద్దరు ప్రొవైడర్ల ద్వారా, బీజీపీ అనే ప్రోటోకాల్‌తో మిగతా నెట్‌వర్క్‌లకు తెలియజేయాలి. ఒక దారి పోతే ట్రాఫిక్ సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే రెండో దారికి మళ్లుతుంది. చిరునామా మారదు. నంబర్ మార్చుకోకుండా మొబైల్ ఆపరేటర్‌ను మార్చుకున్నట్టే. దీన్నే మల్టీహోమింగ్ అంటారు.

ఇక్కడా చూసుకోవాల్సినవి ఉన్నాయి

ఇద్దరు ప్రొవైడర్ల కేబుళ్లూ ఒకే గొట్టంలో వస్తే, రోడ్డు తవ్వే జేసీబీ దెబ్బకు రెండూ తెగుతాయి. చిన్న ప్రొవైడర్ పెద్ద ప్రొవైడర్ దగ్గరే బ్యాండ్‌విడ్త్ కొంటుంటే పేరుకే ఇద్దరు. రెండు లైన్లకూ ఒకటే రౌటర్, ఒకటే కరెంటు సరఫరా ఉన్నా అంతే. రోజర్స్‌లోనూ నెట్‌వర్క్‌ను సరిచేసే వ్యవస్థ అదే నెట్‌వర్క్‌పై నడిచింది. అందుకే మరమ్మతు మరింత ఆలస్యమైంది.

ప్రజాసేవల టెండర్లలో ‘రెండు కనెక్షన్లు’ అని రాస్తే చాలదు. కేబుల్ ఏ దారిలో వస్తోంది, ప్రొవైడర్ ఎవరిపై ఆధారపడుతున్నారు, చిరునామాలు ఎవరివి అని అడగాలి. అప్పుడప్పుడు ఒక లైన్‌ను కావాలనే ఆపి, పోర్టల్ బయటి నుంచి తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఆ పరీక్ష చేయకపోతే, లోపం బయటపడేది జనానికి ఆ సేవ అత్యవసరమైన రోజునే.