కండబలాన్ని హరిస్తున్న మద్యం

మొదటి షిఫ్టు ముగించుకుని పైకి వచ్చిన గని కార్మికుల్లో కొందరి అడుగులు నేరుగా మద్యం దుకాణం వైపే పడుతుంటాయి. కారణం అడిగితే ఒళ్లు నొప్పులంటారు. గోదావరిఖని నుంచి బెల్లంపల్లి వరకు వినిపించే మాటే ఇది. ఆ నొప్పులకు మందనుకుని తాగుతున్నదే కండరాలను క్షీణింపజేస్తోంది.

మద్యం అనగానే కాలేయమే గుర్తుకొస్తుంది. అయితే ఏళ్ల తరబడి అతిగా తాగేవారిలో 40 నుంచి 60 శాతం మందికి కండరాల వ్యాధి ఉంటుందని వైద్యుల అంచనా. కండరాల్లో అరిగిన మాంసకృత్తుల స్థానంలో శరీరం నిత్యం కొత్తవి నిర్మించుకుంటుంది. మద్యం ఈ నిర్మాణాన్ని మందగింపజేస్తుంది. బరువు లేపేటప్పుడు ఒక్కసారిగా బలాన్నిచ్చే తంతువులే ముందుగా సన్నబడతాయి. కాలేయం చెడితే రక్తంలో పెరిగే అమ్మోనియా మరింత కండను హరిస్తుంది. మంచి తిండి ఉంటే తాగినా ఏమీ కాదన్న నమ్మకం నిజం కాదు. తిండికి లోటు లేనివారిలోనూ ఈ వ్యాధి కనిపిస్తోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన పురుషుల్లో 43 శాతం మంది మద్యం తాగుతున్నారు. తట్టా చెమ్మస్ స్థానంలో యంత్రాలు వచ్చినా గనిలో నడకకు, బరువులకు తొడల బలమే ఆధారం. కింద కూర్చుని లేవలేకపోతే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటున్నారు. గని కార్మికులకు నిర్ణీత కాలానికి జరిగే వైద్య పరీక్షల్లో, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవమని అడిగితే పైసా ఖర్చవదు.

తాగుడు మానితే కొన్ని నెలల నుంచి ఏడాదిలోగా బలం చాలావరకు తిరిగి వస్తుంది. అలవాటు ముదిరినవారు ఉన్నట్టుండి మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. అటువంటివారు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.