ఆగి చూసే ఏజెంట్

కోడ్ మొరాయిస్తే ఏఐ ఏజెంట్లు ఎక్కువగా చేసేది ఒకటే: ఎర్రర్ చదివి, ఊహించి ఓ లైను మార్చి, మళ్లీ రన్ చేయడం. చీకట్లో బాణాలే. 2025లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ‘డీబగ్-జిమ్’ పేరుతో వాటి చేతికి పైథాన్ డీబగ్గర్ పీడీబీని ఇచ్చింది. ఇక ఏజెంట్ అనుమానమున్న లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి, ‘టోటల్’ అనే వేరియబుల్‌లో ఏముందో అడగొచ్చు. అంకె ఉండాల్సిన చోట ‘నన్’ కనిపిస్తే, ‘అప్’ కమాండ్ కొట్టి, పిలిచిన ఫంక్షన్‌లో ఆ ఖాళీ ఎక్కణ్నుంచి వచ్చిందో వెతకొచ్చు. మన ప్రోగ్రామర్లకిది రోజువారీ పనే! అయినా ఆ ప్రయోగంలో మేటి మోడల్ కూడా 300 సమస్యల్లో సగం దాటలేదు. నాకిది వింతగా లేదు. మోడళ్లు నేర్చుకునే నెట్‌లో పూర్తయిన కోడ్ కుప్పలుగా ఉంది. తప్పు పట్టుకున్న క్రమాన్ని అడుగడుగునా రాసిపెట్టినవాళ్లే తక్కువ. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ లోటు గురించే.