స్కోరింగ్ సబ్జెక్టా? ఫిజిక్స్‌కు పనికొచ్చే సబ్జెక్టా?

ఎలెక్టివ్ ఎంచుకునే టైమ్ రాగానే మన దగ్గర వినిపించే మొదటి ప్రశ్న, "ఏది స్కోరింగ్ రా?" ఉద్యోగం కోసం చదివేవాళ్లు అట్ల అడిగితే తప్పులేదు. కానీ బీటెక్ తర్వాత ఫిజిక్స్ వైపు పోవాలనుకునేవాళ్లు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఫిజిక్స్‌లో నేను ఎక్కడ ఆగిపోతున్నా, ఏ లెక్కలు వస్తే ముందుకు పోతా?

పెద్దవూర మీదుగా సాగర్ పోయినవాళ్లు డ్యామ్ చూసే ఉంటారు. నీళ్లు ఆ గోడను ఎంత బలంతో నెడతాయి? లోతు మారేకొద్దీ పీడనం మారుతుంది కాబట్టి ఒట్టి గుణకారం చాలదు, ఇంటిగ్రేషన్ కావాలి. నీళ్లు 100 మీటర్ల లోతుంటే, ఒక్కో మీటరు వెడల్పు గోడ మీద పడే బలం దాదాపు 5000 టన్నుల బరువుకు సమానం. లోతు సగమైతే బలం సగం కాదు, పావు వంతే అవుతుంది. ఇంటిగ్రేషన్ తెలిస్తే అది ఎందుకో కూడా తెలుస్తుంది.

మేం చదివిన ఇంటర్‌లో డోలనాలు ఫస్టియర్ ఫిజిక్స్‌లో వచ్చాయి. వాటికి కావాల్సిన అవకలన సమీకరణాలు మాత్రం సెకండియర్ 2బి చివర్లో వచ్చాయి. మధ్యలో మిగిలింది బట్టీ పట్టడమే. బీటెక్‌లోనూ అదే జరగొద్దంటే వరుస చూసుకుని చదవాలి. విద్యుదయస్కాంతత్వానికి వెక్టార్ కాల్కులస్, తరంగాలకూ ఉష్ణానికీ అవకలన సమీకరణాలు, క్వాంటమ్‌కు లీనియర్ ఆల్జీబ్రా. ఎమ్మెస్సీ కోసం రాసే జామ్ ఫిజిక్స్ సిలబస్ కూడా గణిత పద్ధతులతోనే మొదలవుతుంది.

"అవసరమైనప్పుడు నేర్చుకుంటాంలే" అంటారు కొందరు. అందులో నిజం ఉంది. 1925లో హైజెన్‌బర్గ్ క్వాంటమ్ సిద్ధాంతం రాసినప్పుడు తను వాడుతున్నవి మాత్రికలని ఆయనకు తెలియదు. ఆ సంగతి గుర్తుపట్టింది మాక్స్ బార్న్. కానీ హైజెన్‌బర్గ్‌కు పక్కనే బార్న్ ఉన్నాడు. మనలో చాలామందికి హాస్టల్ రూమ్, ఒక పుస్తకం, నాలుగు వీడియోలు మాత్రమే ఉంటాయి. అందుకే క్లాసులో సారు ఉండగానే కష్టమైన గణితం నేర్చుకోవడం మేలు. తేలికైనవి తర్వాత సొంతంగా చదువుకోవచ్చు.

అట్లని గణితంలో ప్రతి కోర్సూ తీసుకోమని కాదు. ఆప్షన్ పెట్టేముందు మీకు నచ్చిన ఫిజిక్స్ పుస్తకంలో ఒక అధ్యాయం తెరిచి, ఏ లైను దగ్గర లెక్క అర్థం కాలేదో గుర్తుపెట్టుకోండి. ఆ లెక్క నేర్పే కోర్సే తీసుకోండి. రెండు మార్కులు తగ్గితే తగ్గనీయండి.