రోగపీడిత బాలలు - ఉపాధ్యాయ శిక్షణము

బడికి వచ్చు ప్రతి బిడ్డయు ఆరోగ్యవంతుడే యను నూహపై మన పాఠశాలల దినచర్య యంతయు నేర్పడియున్నది. గంట మ్రోగినప్పుడే నీరు త్రాగవలెను. గంట మ్రోగినప్పుడే భుజింపవలెను. వ్యాయామపు వేళ నందఱును పరుగెత్తవలెను. ఈ నియమములు సామాన్యముగా మంచివే. కాని జీవితాంతము విడువని వ్యాధితో బడికి వచ్చు బిడ్డలు కొందఱు గలరు. వారి కీ నియమములే ప్రాణాపాయకరములు కాగలవు. ఈ సంగతి ముందుగా తెలియవలసినవాడు ఉపాధ్యాయుడు. ఆయనకు తెలుపు నేర్పాటు మాత్రము మన శిక్షణాలయములలో మిక్కిలి కొఱతగా నున్నది. ఈ లోపమును గూర్చియే నేడు పాఠకమహాశయులకు మనవి చేయుచున్నాము.

మొదట మన్యపు ప్రాంతముల సంగతి చూతము. ఆదిలాబాదు గోండు గూడెములందును, విశాఖ మన్యమునందును సికిల్ సెల్ వ్యాధి గలదు. రక్తమునందలి ఎఱ్ఱ కణములు కొడవలివలె వంగి సన్నని నాళములలో చిక్కుకొనుటచే ఎముకలయందును కీళ్లయందును దుర్భరమగు నొప్పి పుట్టును. నీరు చాలకపోవుట, చలి, అధికశ్రమ, జ్వరము ఈ నొప్పిని రెచ్చగొట్టును. కావున ఆ బిడ్డ పలుమాఱు నీరు త్రాగవలెను. పలుమాఱు బయటికి పోవలెను. ఇది యెఱుగని ఉపాధ్యాయుని కంటికి ఆ బిడ్డ పాఠము తప్పించుకొను సోమరిగా కనబడును. ఆశ్రమపాఠశాలలో తల్లిదండ్రులు దాపున లేరు. ఉపాధ్యాయుడును వార్డెనుమే వారి స్థానమున నున్నారు. అచట జ్వరము తగిలిన ఇట్టి బిడ్డను తెల్లవాఱనిమ్మని ఊరకుంచుట యెంతటి ప్రమాదము!

కేంద్ర ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని శహడోల్‌లో ఈ వ్యాధి నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించి, 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయ సంకల్పించెను. అది శ్లాఘనీయమే. కాని పరీక్షలో వ్యాధి తేలిన బిడ్డ మఱునాడు మరల బడికే గదా పోవలెను! ఆ కార్డులో నున్నదేమో ఉపాధ్యాయునకు బోధపఱుపకున్నచో ఆ పరీక్ష సగము ఫలమే యిచ్చును.

ఇక మధుమేహము మాట. బాలలకు వచ్చు మొదటి రకపు మధుమేహము తీపి తినుటచే వచ్చునది కాదు. శరీరమే తనలోని ఇన్సులిన్ పుట్టు కణములను నాశనము చేసికొనుటచే వచ్చును. 1922లో టొరంటో నగరమున ఇన్సులిన్ చికిత్స ఫలించినది మొదలు ఇట్టి బిడ్డలు బ్రతికి, చదివి, వృద్ధిలోనికి వచ్చుచున్నారు. కాని సూదిమందు పుచ్చుకొన్న పిమ్మట భోజనము ఆలస్యమైనచో రక్తమున చక్కెర పడిపోవును. చెమటలు పట్టును, చేతులు వణకును, మాట తడబడును, కునుకు వచ్చును. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగించి, పావుగంట కనిపెట్టి యుండి, తగ్గనిచో మరల నీయవలెను. స్పృహ తప్పిన బిడ్డ నోట మాత్రము ఏమియు పోయరాదు; తత్‌క్షణమే వైద్యునికడకు చేర్పవలెను. ఈ నాలుగు మాటలు తెలిసిన పంతులు ప్రాణదాత. తెలియని పంతులు నిద్రమొగమని నిలబెట్టి దండించును. ఇట్టి బాలలు పరీక్షాశాలలోనికి చక్కెర బిళ్లలు, పండ్లు, నీరు తెచ్చుకొనవచ్చునని కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లో అనుమతించెను. పరీక్షనాడు దొరకిన యీ దయ తక్కిన దినములందు ప్రతి బడిలోను ఏల దొరకరాదు?

మూర్ఛవ్యాధి విషయమున తెలియమికంటె తప్పుగా తెలియుటయే యెక్కువ కీడు చేయుచున్నది. బిడ్డ పడినంతనే చేత తాళపుచెవులు పెట్టుదురు. నోట చెంచా దూర్తురు. నలుగురు కలిసి అదిమి పట్టుదురు. మొదటిది నిష్ప్రయోజనము, తక్కిన రెండును హానికరములు. తలక్రింద మెత్తని గుడ్డ నుంచి, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, గడియారము చూచుచుండవలెను. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి కొనిపోవలెను. కొన్ని మూర్ఛలలో బిడ్డ పడనే పడదు. కొన్ని క్షణములు శూన్యముగా చూచి మరల పాఠమున పడును. అది పరధ్యానమని చెవి మెలిపెట్టువారు గలరు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు వైద్యునికంటె ముందే దానిని పసికట్టగలడు.

చట్టములు లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బాలలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియా వ్యాధులను తన పట్టికలో చేర్చినది. మొదటి రకపు మధుమేహ మందు చేరలేదు. 2020లో ఆరంభమైన పాఠశాలారోగ్య కార్యక్రమమున బడికి ఇద్దఱు ఉపాధ్యాయులకు 11 విషయములలో శిక్షణ యీయ నిర్ణయించిరి. అవి యన్నియు ఆరోగ్యవంతుని ఆరోగ్యమును కాపాడు విషయములే. ఇప్పటికే జబ్బుతో నున్న బిడ్డను తరగతిలో నెట్లు నిలుపుకొనవలెనో దాని కందు ప్రత్యేకస్థానము లేదు. ఇంగ్లండులో 2014 నాటి చట్టము వ్యాధిగ్రస్తులగు విద్యార్థులకు తోడ్పడుట పాఠశాల విధియని శాసించినది. తల్లిదండ్రులు, వైద్యులు, ఉపాధ్యాయులు కూడి అట్టి బిడ్డకు వ్రాతమూలకమగు ఆరోగ్యప్రణాళిక నేర్పఱచు పద్ధతి అచట నున్నది. మంచి పద్ధతి యెచట నున్నను గ్రహించుట మనకు చిన్నతనము కాదు.

మేము కోరునది స్వల్పము. జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో ఉపాధ్యాయవృత్తికి సిద్ధపడువారికి ఈ వ్యాధుల గూర్చి చేతితో చేసి చూపు పాఠములు విధిగా నుండవలెను. కొలువున నున్నవారికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునిచే ఏటేట నొకపూట శిక్షణ మీయవలెను. అట్టి ప్రతి బిడ్డకును ఏమి జరిగిన నేమి చేయవలెనో, ఎవరిని పిలువవలెనో తెలుపు నొక్క పుట కాగితము బడిలో నుండవలెను.

జనాభా లెక్కలకును ఎన్నికలకును ఇప్పటికే పరుగులిడు ఉపాధ్యాయునిపై ఇంకొక భార మేల యని కొందఱందురు. ఆక్షేపణ సహేతుకమే. కాని శిక్షణ లేనంత మాత్రమున బిడ్డకు తరగతిలో జబ్బు రాక మానునా? అది వచ్చిననాడు భయముతో చేతులు కట్టుకొని నిలుచుటకంటె ఏమి చేయవలెనో తెలిసియుండుట భారము తగ్గించుటయే యగును. ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కఱలేదు. అయితే శిక్షణానుసారము సద్బుద్ధితో చేసిన సాయమునకు నింద రాదని ప్రభుత్వము స్పష్టమగు ఉత్తరువు నొసగవలెను. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము రోడ్డు ప్రమాదమున సాయపడినవారికి అట్టి అభయ మొసగినది గదా!

తల్లిదండ్రులకును ఒక మాట. పెండ్లి సంబంధములు చెడునను భయముచే బిడ్డ వ్యాధిని, ముఖ్యముగా ఆడుబిడ్డ వ్యాధిని, బడిలో దాచువారు అనేకులు. ఈ వ్యాధు లంటునవి కావు. దాచుట మాత్రము బిడ్డను ఒంటరి జేయును. పాఠశాల నిర్వహణ సంఘములలో మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెనని చట్టము. ఊరి పెద్దలును రైతులును ఆ సమావేశములలో గోడల సున్నముగూర్చి యడుగుచున్నారు. రానున్న సమావేశమున, మన బడిలో జబ్బుతో నున్న బిడ్డ లెందఱు, వారికి ఆపద వచ్చిన నేమి చేయవలెనో తెలిసిన ఉపాధ్యాయు లెందఱు, అనియు నడుగవలెనని మా ప్రార్థన. జవాబు రానిచోట శిక్షణకై పట్టుపట్టుట వారి విధి.