అర్జీ వాపసొచ్చిన రోజు

ఆదిలాబాద్ కలెక్టరేటుకు ఎదురుగా చెట్టు కింద ఒక బల్ల, రెండు స్టూళ్లు, ఒక తెలుగు టైపు మిషను. 31 ఏళ్లు నా దుకాణం అంతే. సోమవారం ప్రజావాణి కాబట్టి పొద్దున్నే లైను కట్టేవాళ్లు. పింఛను ఆగిందని ఒకరు, పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందని ఒకరు, చేను గట్టు జరిగిందని ఒకరు. పైన కలెక్టరు గారి పేరుతో మొదలుపెట్టి కింద వేలిముద్ర పడేదాకా నా పని. లోపలికి పోయొచ్చినవాళ్ల చేతిలో ఒక రసీదు ఉండేది. నెల తిరిగేసరికి ఆ రసీదు పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఒక మాట ఒప్పుకోవాలె. జవాబు రాని అర్జీలతోనే నా పొయ్యి మండింది. జవాబు అందుకున్నవాడు మళ్లెందుకు వస్తాడు?

అందుకని తిరుగుబాట్ల చరిత్ర చదువుతుంటే అందరి చూపూ పన్ను దగ్గర ఆగితే నాది అర్జీ దగ్గర ఆగుతుంది. 2026 జులై 4కు అమెరికావాళ్లు బ్రిటిషు రాజును కాదనుకుని 250 ఏళ్లు. మా వీధిలో మూడిళ్లకొకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు, ఆ సంబరం మా వాట్సాప్ గ్రూపుల దాకా వస్తుంది. ఎందుకు కాదనుకున్నారంటే, పిల్లల గైడుల్లో నాలుగు మార్కుల జవాబు తయారుగా ఉంది: పార్లమెంటులో చోటివ్వకుండా పన్నులేశారు, వాళ్లు టీ పెట్టెలు సముద్రంలో పారేశారు, యుద్ధమైంది.

నా వృత్తివాడికి మాత్రం అందులో స్టాంపు చట్టం దగ్గర నవ్వాగదు. 1763లో ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి లండన్ నెత్తిన అప్పు దాదాపు రెండింతలైంది. అమెరికాలో సైన్యం ఖర్చన్నా అక్కడే రాబట్టాలని 1765 మార్చిలో పార్లమెంటు చట్టం చేసింది. కోర్టు కాయితం, భూమి దస్తావేజు, లైసెన్సు, వార్తాపత్రిక, ఆఖరికి పేకముక్కలు, అన్నిటికీ సర్కారు స్టాంపు ఉండాలె. డబ్బు లెక్కన చూస్తే అది మోయలేని బరువేమీ కాదు, ఇంగ్లండులో జనం అలాంటి పన్ను ఎప్పటినుంచో కడుతూనే ఉన్నారు. కానీ అది పోయి పోయి వకీళ్ల మీద, అచ్చాపీసులవాళ్ల మీద, షావుకార్ల మీద పడింది. ఊళ్లో నోరున్నవాళ్లు, కలమున్నవాళ్లు ఎవరెవరో ఆరా తీసి మరీ వాళ్ల నెత్తిన వేసినట్టు! చట్టం నవంబరు 1న అమలు కావాలె. ఆలోపే స్టాంపులమ్మే ఏజెంట్లు జనానికి జడిసి రాజీనామాలు రాసిచ్చారు. 1766 మార్చిలో పార్లమెంటు ఆ చట్టాన్ని ఎత్తేసింది.

తగాదా అక్కడితో తీరవలసింది. కానీ ఎత్తేసిన చేత్తోనే పార్లమెంటు ఇంకో చట్టం రాసుకుంది: మీ మీద ఎలాంటి శాసనమైనా చేసే అధికారం మాకుంది అని. పైసలు వాపసిచ్చి చెంప మీద కొట్టినట్టు. (అదే 1766 నవంబరులో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను ఏటా కొంత సొమ్ముకు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. శ్రీకాకుళం, రాజమండ్రి రైతులకు ఏలిక మారినట్టు ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో!)

ఆ కంపెనీ టీయే 1773లో బోస్టన్ రేవుకు వచ్చింది. కొత్త చట్టంతో టీ ధర పెరిగిందని చాలామంది అనుకుంటారు గాని నిజానికి తగ్గింది. పౌనుకు మూడు పెన్నీల పాత పన్ను మాత్రం అలాగే ఉంచారు. చౌక టీ వస్తే దొంగచాటు టీ అమ్ముకునే షావుకార్లకు నష్టమన్నదీ నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. అయినా డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెలు నీళ్లలో పడ్డది ఒట్టి లాభనష్టాల లెక్కతో కాదు. ఆ టీ కొని తాగితే అడగకుండా పన్నేసే అధికారానికి దస్తఖతు పెట్టినట్టే అనుకున్నారు.

నా మటుకు నాకు అసలు దారం తెగింది 1775లో. ఏప్రిల్లోనే తుపాకులు పేలాయి. అయినా జులైలో వలసల పెద్దలు రాజుకు చివరిసారిగా ఒక అర్జీ రాశారు. తమరి విధేయులమే, మధ్యలోవాళ్ల మాట వినకండి, కాపాడండి అన్నట్టుగా. అలాంటి అర్జీలు నేను వేలు రాశాను, ఆ ధోరణి నాకు బాగా తెలుసు. మూడో జార్జి దాన్ని అందుకోనే లేదు. ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. మరుసటేడు జులైలో వాళ్లు రాసిన స్వాతంత్ర్య ప్రకటన దాదాపు సగం ఫిర్యాదుల జాబితాయే. లెక్కపెట్టినవాళ్లు 27 అంటారు. పెట్టుకున్న ప్రతి విన్నపానికీ కొత్త దెబ్బే బదులొచ్చిందన్న బాధ కూడా అందులో ఉంది. నా కంటికి అది ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన అర్జీ. రాజుకు పంపకుండా లోకానికి పంపారు, అంతే తేడా.

ఇక గోదావరి దాటి మా అడవికొద్దాం.

గోండు నాయకుడు కొమురం భీం కథ తెలియని ఇల్లు మా దిక్కు లేదు. ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో 1901లో పుట్టాడంటారు. అప్పటికే నిజాం జంగ్లాతోళ్లు, అంటే అటవీ శాఖవాళ్లు, అడవికి గీత గీస్తున్నారు. గీత లోపల పడ్డ చేను ఒక్కరోజులో నేరమైపోయేది. పశువు మేస్తే పన్ను, కట్టె కొడితే పన్ను, చెల్లించకపోతే చౌకీదారు చేతిలో దెబ్బలు. పోడు కొట్టుకున్న గూడేన్ని తగలబెట్టి లేపేసేవాళ్లు. గీత బయట మిగిలిన నేల కోసం మరో రకం జనం వచ్చారు. రోడ్లు పడ్డాయి, 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు పడింది, పట్టా అనే కాయితం చేతబట్టుకుని మైదానపోళ్లు దిగారు. తరతరాలుగా దున్నిన గోండుకు కాయితం లేదు. పట్టా కోసం ఎక్కడికి పోవాలో, ఎవరిని పట్టుకోవాలో తెలియదు. సుర్దాపూర్లో చేతికొచ్చిన పంట మీదికి పట్టాదారు సిద్దిఖీ వచ్చినప్పుడు జరిగిన కొట్లాటలో అతను చచ్చిపోయాడు. భీం చాందా దిక్కు, అక్కడినుంచి అస్సాం టీ తోటల దాకా పారిపోయాడు. చదవడం రాయడం ఆ తిరుగుడులోనే నేర్చాడంటారు. (టీ ఇక్కడ కూడా వచ్చింది చూడండి.)

తిరిగొచ్చాక అతను తుపాకీ పట్టడానికి ముందు చేసిన పని ఎవరూ పెద్దగా చెప్పరు. మా దిక్కు పెద్దలు చెప్పేదేమంటే, బాబెఝరి దగ్గర మళ్లీ నేల బాగుచేసుకుని, దానికోసం అధికారుల చుట్టూ తిరిగాడు. నిజాంకే చెప్పుకుందామని హైదరాబాద్ దాకా పోయాడు, దర్శనం కాలేదు. ఒక్కసారి ఊహించుకోండి. గోండు గోండిలో చెప్తాడు. దాన్ని ఎవరో తెలుగులోనో మరాఠీలోనో వింటాడు. ఇంకొకడు ఉర్దూలో రాస్తాడు. రాసినవాడికి పైసలియ్యాలె, పైన టిక్కెట్టు అంటించాలె, లోపలికి పంపే జవానుకు ఇంకేదో ఇయ్యాలె. మూడు నోళ్లు మారిన మాటలో చేను ఎంత మిగులుతుంది, చెట్టు ఎంత మిగులుతుంది? ఆ ఉర్దూ రాసేవాళ్లలో మా తాత ఒకడు కాబట్టి చెప్తున్నా.

జోడేఘాట్, పట్నాపూర్, బాబెఝరి తదితర 12 గూడేలు కలిసి ఎదురు తిరిగాక సర్కారు మెత్తబడింది. పట్టాలిస్తామని ఆసిఫాబాద్ నుంచి కబురొచ్చిందనీ, మా గూడేల్లో మా రాజ్యమే కావాలని భీం పట్టుబట్టాడనీ చెప్పుకుంటారు. అతన్ని మొండివాడన్నవాళ్లున్నారు. నేననను. 1778లో లండన్ కూడా అమెరికాకు రాయబారులను పంపింది. పన్నులు వెయ్యం, మీరు అడిగినవన్నీ ఇస్తాం, రాజును మాత్రం ఒప్పుకోండి అని. అప్పటికి రెండేళ్లు ఆలస్యమైపోయింది, వాళ్లు వినలేదు. ఆలస్యంగా వచ్చిన పట్టాకు విలువ తక్కువ. ఇచ్చినవాడే రేపు గుంజుకోవచ్చని పుచ్చుకునేవాడికి ఎరుకైపోయి ఉంటుంది. 1940లో పోలీసులు జోడేఘాట్ గుట్టమీద భీంను, ఆయన వెంటున్నవాళ్లను కాల్చి చంపారు. వర్ధంతిని ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమికే చేస్తారు.

జోడేఘాట్ నుంచి 27 ఫిర్యాదుల జాబితా ఏదీ రాలేదు. ఆ తర్వాత నిజాం సర్కారే పిలిపించిన ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెండార్ఫ్ మార్లవాయిలో ఉండి, గోండులు ఎందుకు తిరగబడ్డారో రాశాడు. ఆయన నివేదికల తర్వాత ఆదిలాబాద్‌లో లక్షన్నర ఎకరాలకు పైగా గిరిజనుల పేర పట్టాలయ్యాయి. మనిషి బతికుండగా చెప్పుకున్న మాట చెవికెక్కలేదు, చచ్చాక పరాయి దేశపాయన రాస్తే ఎక్కింది. చాలా ఏళ్లకు మంథని దిక్కు అల్లం రాజయ్య, సాహు కలిసి నవల రాస్తే తప్ప భీం మైదానంలో ఇంటింటి పేరు కాలేదు.

ఇంతవరకు నేను అమెరికానూ జోడేఘాట్‌నూ ఒకే తక్కెట్లో పెట్టాను. ఇప్పుడు ఆ తక్కెడ నేనే ఒరిగిస్తాను. 1763లో మూడో జార్జి కూడా ఒక గీత గీశాడు. అపలాచియన్ కొండలకు పడమట నేల అక్కడి ఆదివాసులది, వలసవాళ్లు అటు దాటొద్దు అని. ఆదివాసుల మీది ప్రేమతో కాదు, కొత్త యుద్ధాల ఖర్చు భరించలేక. వలసవాళ్లకు ఒళ్లు మండిన కారణాల్లో ఆ గీత కూడా ఉంది. జార్జి వాషింగ్టన్ అంతటివాడు మొదట భూములు కొలిచే సర్వేయరు, కొండల అవతలి నేలమీద ఆశ పెట్టుకున్నవాడు. స్వాతంత్ర్య ప్రకటన చివరి ఫిర్యాదులో ఆదివాసులను క్రూరులుగానే రాశారు. అంటే ఆ కథలో మన గోండుల్లాంటివాళ్లు రాజును కాదన్న జట్టులో లేరు. కొండ అవతల ఉన్నారు. కాయితం చేతబట్టుకుని వచ్చినవాడు ఆ కథలో వీరుడు, మా కథలో సిద్దిఖీ.

మరి నేనెవరిని? మా తాతది ధర్మపురి దిక్కు పల్లె. రాయపట్నం రేవు దాటి లక్షెట్టిపేటకు వచ్చాడు, మున్సబు కోర్టు దగ్గర ఉర్దూ అర్జీలు రాశాడు, ఆ పరిచయాలతోనే ఆరెకరాల పట్టా సంపాదించాడు. నాన్న ఉన్నప్పుడు ఒకసారి పెట్టెలోంచి ఆ కాయితం తీయించి చదివించుకున్నా. హద్దులు: తూర్పున వాగు, దక్షిణాన బాట, ఉత్తరాన జంగ్లాత్, పడమట గోండుల పాత చేండ్లు. ఇప్పుడు పడమటి చేండ్లు మా పెదనాయన మనుమలవి. అది ఎప్పుడు ఎట్లా జరిగిందని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. గిరిజన భూములు పరాయి చేతుల్లోకి పోకుండా 1959లో వచ్చి 1970లో గట్టిపడ్డ భూబదలాయింపు చట్టం కింద అర్జీలు నేను వందలు రాశాను, మా పడమటి హద్దు గురించి ఒక్కటీ రాయలేదు.

స్వతంత్రం వచ్చాక కూడా అర్జీలు తీసుకునే కౌంటరు దగ్గర మారింది తక్కువే. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే, ఇంద్రవెల్లి సంత రోజు. భూముల గురించి సభ పెట్టుకుంటామని వచ్చిన గిరిజనుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు. ఊళ్లవాళ్ల లెక్క అంతకు చాలా ఎక్కువ.

2006 అటవీ హక్కుల చట్టం మంచి చట్టం, నేను దాన్ని పొగడ్తాను. 2005 డిసెంబరు 13కు ముందునుంచి దున్నుకుంటున్న గిరిజనుడు గ్రామసభలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలె, అతను 60 రోజుల్లో పైకి పోవచ్చు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే మొదలుపెట్టి రాష్ట్రంలో దాదాపు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచారు. అందినవాళ్లు సంతోషించారు. అందనివాళ్లలో నా బల్ల దగ్గరికి వచ్చిన ఎవరి చేతిలోనూ ‘ఇందుకు కాదు’ అన్న కాయితం నేను చూడలేదు. కాయితమే రాకపోతే 60 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలె? కాదన్న ప్రతి దరఖాస్తుకూ కారణం రాసి, గోండికో కొలామీకో తెచ్చి, గూడెంలో నలుగురి ముందు చదివి వినిపించాలె. ఇప్పుడు చెయ్యవలసిన పని ఇదొక్కటే అంటాను. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, గూడెం మాట వచ్చిన ఒక గుమాస్తా, ఒక జీపు చాలు.

దుకాణం ఎత్తేయడానికి కొన్నాళ్ల ముందు ఒక ముసలాయన వచ్చాడు. రామ్ రామ్ అని స్టూలు మీద కూర్చుని, ప్లాస్టిక్ కవరులోంచి అర్జీ నకళ్లు జతచేసిన రసీదులు తీసి బల్లమీద పేర్చాడు. పదకొండు. అన్నీ ఒకే చేను గురించి, ఒకే ఆఫీసువి. పన్నెండోది రాయమన్నాడు. నేను చెయ్యి తిరిగినవాణ్ని గదా, ఐదు నిమిషాల్లో టైపు కొట్టి చదివి వినిపించా. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎన్నేళ్లుగా దున్నుతున్నది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు.

‘ఇప్పచెట్టు రాయలే సారు.’

‘ఇప్పచెట్టెందుకు దాదా, నంబరేసిన గదా?’

‘నంబరు వాళ్లేసింది. చెట్టు మా నాయన పెట్టిండు.’

మిగతా పదకొండింట్లోనూ చూశాను. ఏడు నేను రాసినవే. వాటిలో కూడా ఇప్పచెట్టు లేదు. కాయితం మళ్లీ మిషనుకు ఎక్కించి చివర ఒక వరుస కొట్టాను. ఆయన వేలిముద్ర వేసి, సిరా చెయ్యి తుడుచుకోకుండానే లైనులోకి పోయాడు.