నూడుల్స్‌లో చేప ఎక్కడుంది?

టోక్యోలో జేబుకి చిల్లు పడకుండా కడుపు నిండాలంటే నేను దూరేది రైల్వే స్టేషన్‌లో నిలబడి తినే నూడుల్స్ షాపులోకే. గుమ్మంలోనే టికెట్ మెషీన్. ముందు డబ్బులు, తర్వాత బటన్. చీటీ కౌంటర్ మీద పెడితే చాలు, నిమిషాల్లో పొగలు కక్కే ఉడాన్ గిన్నె. మంచినీళ్లు ఫ్రీ, టిప్పు ఊసే లేదు. జుర్రుకుంటూ తిన్నా ఎవరూ వింతగా చూడరు. (మా ఇంట్లో అయితే వీపు మోగేది!)

కానీ శనివారం నీచు ముట్టని మా రూమ్మేట్‌ని మాత్రం అక్కడికి తీసుకెళ్లను. గిన్నెలో కనిపించేది గోధుమ నూడుల్స్, ఉల్లికాడలు, చారు. అంతే కదా అనుకుంటాం. ఆ చారులోనే ఉంది కథంతా. దాని పేరు ‘దాషీ’. బొనీటో చేపను ఉడికించి, పొగబెట్టి, కర్రముక్కలా ఎండబెట్టి, పల్చగా చెక్కి, ఆ పొరల్ని వేణ్నీళ్లలో వేసి తీసిన సారం. ముక్క ఒక్కటీ పంటికి తగలదు, రుచి మాత్రం దానిదే. కూరగాయల టెంపురా ముంచుకునే సాస్‌లోనూ మామూలుగా అదే! పోనీ ‘నికు’ వద్దు అని చెబుదామా? ఆ మాటకి మాంసమనే అర్థం, చేప ఆ లెక్కలోకి రాదు. ‘సకానా’ అని విడిగా అడగాలి.

అందుకే శనివారం మా మకాం బెల్టు మీద ప్లేట్లు తిరిగే సుషీ షాపులో. వాడికి కప్పా మకీ: అన్నం, కీరా, చుట్టూ సముద్రపు నాచు. మూడు ప్లేట్లు లాగించి, “పెరుగన్నం కూడా తిరుగుతూ వస్తే బాగుండు రా” అన్నాడు.