ఇంటిపేరు అడగని ఆట

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించి, క్రమశిక్షణ గురించి, మెస్సులో నీళ్ళ పప్పుచారు గురించి వ్యాసాలు వస్తాయి. వాటిని మాకన్నా బాగా రాసే మిత్రులున్నారు. మేము మాత్రం ఒక ఆట గురించి రాస్తున్నాం. సంపాదక మిత్రులు ముందు వెనకాడారు. "జూనియర్లను చెడగొట్టినట్టు అవుతుందేమో అన్నా" అన్నారు. చదివాక మీరే తేల్చండి అని కాగితాలు చేతిలో పెట్టాం.

ఈ రోజు పీజీ చదువుతున్న మేము నలుగురం డిగ్రీ మూడేళ్ళూ ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళం మేమే. అప్పట్లో హాస్టల్లో పూర్వ విద్యార్థులు ఇచ్చిన రెండు పాత కంప్యూటర్లుండేవి. వాటిలో బొమ్మల ఆటలు తెరుచుకునేవి కావు, తెరుచుకున్నా నడిచేవి కావు. అప్పుడొక సీనియర్ అన్న మాకు 'మడ్' చూపించాడు. మల్టీ యూజర్ డంజన్ అన్నదానికి పొట్టి పేరు అది. బొమ్మ ఒక్కటీ ఉండదు. నల్లటి తెర మీద అక్షరాలు వస్తాయి. మీరు ఫలానా సంతలో ఉన్నారు, ఉత్తరాన గుడి ఉంది, తూర్పున ఆయుధాలమ్మే కొట్టు ఉంది అని చెబుతుంది. మనం 'నార్త్' అని టైపు చేస్తే గుడికి వెళ్తాం. 'లుక్' అంటే చుట్టూ చూస్తాం. 'కన్సిడర్' అని టైపు చేసి ఎదుట ఉన్న రాక్షసుడి పేరు కొడితే వాడితో మనం తూగగలమో లేదో చెబుతుంది. అదే సమయంలో ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో అదే సంతలో తిరుగుతుంటారు, మాట్లాడుతుంటారు. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ ఒక గీత మీద ఉన్నా ఆట ఆగదు.

మొదటి మడ్ పుట్టింది 1978లో, ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టాడు, 1980లో రిచర్డ్ బార్టిల్ అందుకుని పూర్తి చేశాడు. బార్టిల్ శ్రామిక కుటుంబం నుంచి వచ్చినవాడు. పుట్టుకను బట్టి కాక, చేసిన పనిని బట్టి మనిషి పైకెళ్ళే లోకం ఒకటి కావాలని ఆ ఆటను అలా కట్టామని, లెవెళ్ళు పెట్టింది అందుకేనని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఈ సంగతి తెలిసిన రాత్రి మేము చాలాసేపు పడుకోలేదు. కంప్యూటర్ ఆటలు కలిగినవాళ్ళ పిల్లలు పొద్దుపోక తయారుచేసుకున్నవని అంతవరకూ మా నమ్మకం.

మాకు బాగా నచ్చిన ఆట ఆర్డ్‌వుల్ఫ్. 1996 నుంచి నడుస్తోంది, ఆడడానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో చేరేటప్పుడు పేరు అడుగుతుంది. మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. తర్వాత ఏ జాతి అని అడుగుతుంది. మరుగుజ్జా, రాక్షసుడా, మనిషా, చెట్టు మనిషా అని ఒక జాబితా ఇచ్చి ఎంచుకోమంటుంది. మా గదిలో ఒకడు ఆ జాబితా ముందు పది నిమిషాలు కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు. ఎందుకని ఈ సంచిక చదివేవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. ఊళ్ళో కొత్తగా ఎవరింటికి వెళ్ళినా "పేరేంటి బాబూ" అన్న వెంటనే "పూర్తి పేరు?" అంటారు. "ఇంటిపేరేంటి, ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు" అంటారు. తెలిసే దాకా మంచినీళ్ళ గ్లాసు రాదు. ఆటలో మమ్మల్ని అలా అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళు అడిగిందల్లా ఏ లెవెల్, మంత్రం వచ్చా, కత్తి వచ్చా అని.

ఇంతవరకే రాసి ఆపితే ఆట గొప్పదని చెప్పినట్టు అవుతుంది. కానీ అందరూ ఒకటో లెవెల్ దగ్గరే మొదలవుతారన్నది సగం నిజమే. మిగతా సగం ఇంగ్లీషు.

ఆర్డ్‌వుల్ఫ్‌కు రాకముందు డికూమడ్ వంశానికి చెందిన ఒక చిన్న ఆట ఆడేవాళ్ళం. డికూమడ్‌ను 1990, 91 ప్రాంతంలో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం కుర్రాళ్ళు రాశారు. అందులో మిడ్‌గార్డ్ అనే నగరం, దాని కింద ఒక 'సీవర్' ఉంటాయి. తెర మీద ఆ మాట చూసి, కుట్టడాన్ని 'సూ' అంటారు కదా, ఇది కుట్టేవాడి కొట్టు అయి ఉంటుంది, బట్టలు దొరుకుతాయి అనుకుని నలుగురం దిగాం. దిగినవాళ్ళం దిగినట్టే చచ్చాం. మా సామానంతా శవాల దగ్గరే ఉండిపోయింది. తర్వాత డిక్షనరీ తీసి చూస్తే మురుగు కాలువ అని ఉంది. మాలో ఒకడి నాన్న పారిశుధ్య కార్మికుడు. ఇరవై ఏళ్ళుగా ఆయన దిగుతున్న దాని ఇంగ్లీషు పేరు కొడుక్కి డిగ్రీ రెండో ఏట ఒక ఆటలో తెలిసింది. వాడు నవ్వలేదు. మేమూ నవ్వలేదు. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టినవాళ్ళు ఆ మాట చూడగానే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగి ఉంటారు. ఒకటో లెవెల్ అందరికీ ఒకటి కాదని బార్టిల్ గారికి చెప్పే అవకాశం వస్తే ఈ ఒక్క సంగతే చెబుతాం.

ఆ రోజు మా శవాల దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళి సామాను ఇప్పించింది ఎవరో తెలియని ఒక పెద్ద లెవెల్ ఆటగాడు. దానివల్ల అతనికి పాయింట్లు రావు. ఆర్డ్‌వుల్ఫ్‌లోనైతే కొత్తవాళ్ళు ఏమడిగినా చెప్పడానికి వేరే ఒక చానల్ ఉంటుంది, కొత్తవాళ్ళకు నేర్పే ఒక అకాడమీ ఉంటుంది. మా తప్పుల ఇంగ్లీషుకు అక్కడ ఎవరూ వెక్కిరించలేదు. మా కాలేజీ తరగతి గది గురించి ఈ మాట అనలేం. మా అభిప్రాయంలో ఆ ఆటను నిలబెట్టింది లెవెళ్ళు కావు, పైకి వెళ్ళినవాళ్ళు కిందికి దిగి రావడం. మాకు అది కొత్తేమీ కాదు. ఈ హాస్టల్లో చేరిన రోజు మాకు ట్రంకు పెట్టె తాళం, పాత గైడ్లు, బకెట్టు ఇచ్చింది వెళ్ళిపోతున్న అన్నలే.

ఆన్‌లైన్ ఆట అంటే మన పెద్దలకు రమ్మీ గుర్తొస్తుంది. దాన్ని 2017లో తెలంగాణలో, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో నిషేధించారంటే ఊరికే కాదు. దానివల్ల అప్పుల పాలైన ఇళ్ళు మా ఊళ్ళలోనూ ఉన్నాయి. దీన్ని దానితో కలపొద్దని మా మనవి. అయితే నష్టమే లేదని అబద్ధం చెప్పం. రాత్రి పన్నెండు దాటాక కూడా ఆడినందుకు మాలో ఒకడికి మూడో సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయింది, సప్లిమెంటరీ ఫీజు కోసం వాళ్ళమ్మ రెండు రోజులు అదనంగా కూలికి వెళ్ళింది. ఆ సంగతి తెలిశాక గంటకు మించి కూర్చోకూడదని గోడ మీద రాసుకున్నాం. చాలావరకు పాటించాం.

లాభం లెక్క కూడా చెప్పాలి. రోజూ గంటసేపు ఇంగ్లీషు చదివి, వెంటనే ఇంగ్లీషులో జవాబు టైపు చేయకపోతే చచ్చిపోయే పరిస్థితి మాకు ఏ క్లాసులోనూ రాలేదు. పీజీ ఎంట్రన్స్‌లో పాసేజీలు చూసి మేము భయపడలేదు. పక్క గదిలో చూపు సరిగా లేని తమ్ముడొకడు ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరను చదివి వినిపిస్తుంటే మాతో సమానంగా ఆడేవాడు. ఒక్కోసారి మాకన్నా ముందుండేవాడు. అతను ఆడగలిగిన కంప్యూటర్ ఆట మాకు తెలిసి అదొక్కటే.

కాబట్టి మా కోరిక చిన్నది. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చి స్టేజీ మీద ఉపన్యాసం ఇచ్చి, శాలువా కప్పించుకుని వెళ్తున్నారు. మంచిదే. దాని బదులు నెలకొక సాయంత్రం కంప్యూటర్ గదిలో జూనియర్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఈ ఆటే ఆడించమని లేదు. మురుగు కాలువలోకి దిగబోతున్నవాణ్ణి ఆపడానికి ఒకరు ఉంటే చాలు.

అలా కూర్చోవాలంటే ముందు గది తెరిచి ఉండాలి. స్టడీ అవర్ తొమ్మిదింటికి అయిపోతుంది, కంప్యూటర్ గదికి తాళం ఆరింటికే పడుతోంది. పదింటి దాకా తెరిచి ఉంచమని అడగడానికి వార్షికోత్సవం మర్నాడు పొద్దున మేము వార్డెన్ సారు దగ్గరికి వెళ్తున్నాం. మాతో రాదలచుకున్న అన్నలు, తమ్ముళ్ళు టిఫిన్ వేళకు మెస్ దగ్గరికి రండి.